వ్యాపారపు కవర్ల మీద ఫ్రమ్ అడ్రసు ఎలా రాయాలి

గుంటూరులో ఎరువుల హోల్‌సేల్ దుకాణంలో 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బిల్లులు, బాకీ ఉత్తరాలు, చెక్కు నోటీసులు అన్నీ నా చేతిమీదుగానే పోస్టుకు వెళ్తాయి. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మొట్టమొదట ఫ్రమ్ అడ్రసు రాయడమే నేర్పుతాను.

దాని చోటు కవరు ముందువైపు, ఎడమ పక్క కింది మూల. అక్షరాలు టూ అడ్రసు కంటే చిన్నవిగా ఉండాలి. ఒకసారి మా దుకాణం పేరు, 522002 అన్న పిన్ కోడ్ బొద్దుగా ప్రింటు వేయించి, పార్టీ అడ్రసు చిన్న చీటీ మీద రాసి అంటించాం. తెనాలి వెళ్లాల్సిన కవర్లు మూడో రోజుకల్లా మా గుమ్మంలోకే వచ్చాయి. సార్టింగులో ముందు కళ్లు పడేది పిన్ మీదే కదా!

అడ్రసు మన ఊరివాళ్లకు అర్థమైతే సరిపోదు. ‘4/14 బ్రాడీపేట’ అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని గుంటూరులో ఎవరైనా చెబుతారు. బయటి పార్టీలు అది డోరు నంబరనుకుంటాయి. చెక్కులు పంపేటప్పుడు వాళ్లు మన కవరు చూసే అడ్రసు ఎక్కించుకుంటారు. అందుకే లైను, అడ్డరోడ్డు విడమరిచి రాసి, డోరు నంబరు వేరే వరసలో వేస్తాను. దుకాణం పేరు కింద ‘అకౌంట్స్’ అని కూడా రాస్తాను. అప్పుడు వెనక్కొచ్చిన కవరు గోడౌనులో బస్తాల మధ్య పడిపోకుండా నేరుగా నా బల్ల మీదికి వస్తుంది.

అసలు ఫ్రమ్ అడ్రసే లేకపోతే, బట్వాడా కాని కవరు తపాలా శాఖ రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు వెళ్తుంది. పంపినవాళ్లెవరో తెలుసుకోవడానికి అక్కడ దాన్ని విప్పుతారు. మన పార్టీ బాకీ ఎంతో పరాయివాళ్ల కళ్లబడుతుంది.

దుకాణం మారినప్పుడు చేసిన తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పాత అడ్రసుతో అచ్చువేసిన కవర్లు రెండు కట్టలు మిగిలాయి. పారేయడమెందుకని వాటినే వాడేశాం. వాటిలో ఒకటి చెక్కు బౌన్సు నోటీసు. ఆ పార్టీ ఊరు వదిలి వెళ్లిపోయాడు. కవరు తిరిగి మా పాత గుమ్మానికి చేరి, అక్కడ కొత్తగా అద్దెకు దిగినవాళ్ల కిటికీలో రెండు నెలలకు పైగా పడి ఉంది. నోటీసు ఆయనకు అందింది, డబ్బు సర్దుతున్నాడేమో అని మేం ఎదురుచూస్తూ కూర్చున్నాం. చెక్కు కేసుల్లో గడువులు కచ్చితం. చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, ఆపైన నెలలోపు కోర్టులో ఫిర్యాదు. మా చేతిలోంచి ఆ గడువు జారిపోయింది. ఇప్పుడు పాత కవరు ఒక్కటి కనిపించినా, పాత అడ్రసు పూర్తిగా మూసుకుపోయేలా కొత్త చీటీ అంటిస్తాను. పెన్నుతో కొట్టేస్తే కింది అక్షరాలు కనబడుతూనే ఉంటాయి.

కవరు తిరిగొస్తే ముందు పోస్ట్‌మ్యాన్ రాసిన మాట చూడండి. ‘డోర్ లాక్డ్’ అయితే మళ్లీ పంపొచ్చు. ‘లెఫ్ట్’ అంటే ఇల్లు మారారు, ఫోను చేసి కొత్త అడ్రసు కనుక్కోవాలి. ‘రెఫ్యూజ్డ్’ అంటే తీసుకోనన్నారు. ఏ తేదీన వచ్చిందో, ఏం రాశారో రిజిస్టరులో ఎక్కించండి. నోటీసు కవరైతే మాత్రం చింపకండి. సీలు అలాగే ఉంచి, పోస్టాఫీసు రసీదు జతచేసి, అదే రోజు వకీలుగారికి అందజేయండి.