రాత్రి పదింటిదాకా సాగే ఆఫీసు పని ఆరింటికి ఎలా తెమిలింది (నా అనుభవం)

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, పని ఇంటి నుంచే. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి పదైనా లేచేదాన్ని కాదు. అలారాలు, 25 నిమిషాలు పనిచేసి కాసేపు ఆగే పొమోడోరో పద్ధతి, గోడ మీద టైంటేబుల్, ఏదీ వారం దాటలేదు.

చివరికి పనిచేసింది ఇదీ. సాయంత్రం 5:40 తర్వాత కొత్త మెయిల్ తెరవను. రేపు మొట్టమొదట చెయ్యాల్సిన ఒక్క పని చీటీ మీద రాస్తాను. ‘రిపోర్టు’ అని కాదు, ‘మూడో పట్టికలో మార్చి లెక్కలు సరిచూడాలి’ అన్నంత వివరంగా. అసలు కిటుకు అక్కడే ఉంది, పొద్దున్నే ఎక్కడ మొదలెట్టాలా అని తడుముకునే గంట మిగిలింది. చీటీ ల్యాప్‌టాప్ మూత మీద అంటించి, బీరువాలో పెట్టి, తాళంచెవి అమ్మకిచ్చి లాసన్స్ బే బీచ్ దాకా నడిచొస్తాను. మర్నాడు చీటీలో పని అయ్యాకే మెయిల్.

రెండు నెలలుగా ఇలాగే నడుస్తోంది. మా టీమంతా ఇక్కడి వేళల్లోనే ఉంటుంది. అమెరికా షిఫ్టు వాళ్లకీ, చంటిపిల్లలున్న ఇళ్లలోనూ కుదురుతుందో లేదో చెప్పలేను.