తుప్పు పట్టడానికి నీళ్లొక్కటే చాలవు, ఇంట్లోనే చేసి చూడండి

నీళ్లు తగిలితే ఇనుము తుప్పు పడుతుందని పరీక్షలో రాసేస్తుంటారు చాలామంది, కానీ అది సగం మాటే. నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా ఉండాలి, అప్పుడే ఇనుము రెండిటితో కలిసి హైడ్రేటెడ్ ఐరన్ ఆక్సైడ్ అవుతుంది, ఆ ఎర్రటి పొడే తుప్పు.

సన్నటి స్టీల్ పీచు తీసుకోండి, స్టెయిన్‌లెస్ రకం మాత్రం వద్దు, అది అంత తేలిగ్గా తుప్పు పట్టదు. దాని మీద నూనెలాంటి పూత ఉంటే పోవడానికి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి గట్టిగా పిండేయండి. (ఈ పని చేసేటప్పుడు బ్లీచ్ దగ్గర్లో కూడా ఉండకూడదు, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది.) పీచుని పొడుగాటి గాజు గ్లాసు అడుగున ఊడిపడకుండా ఇరికించి, నీళ్లు పోసిన పళ్లెంలో గ్లాసుని బోర్లించి, లోపల నీళ్లు ఎక్కడున్నాయో మార్కర్‌తో గీత పెట్టి, ఎండ తగలని చోట కదపకుండా వదిలేయండి. మర్నాడు చూస్తే పీచు ఎర్రబడి ఉంటుంది, నీళ్లు గీత దాటి పైకెక్కి ఉంటాయి!

ఎందుకంటే లోపలి ఆక్సిజన్‌ని ఇనుము తీసేసుకుంది, గ్లాసులో ప్రెషర్ తగ్గింది, బయటి గాలి నీళ్లని లోపలికి నెట్టింది. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే కాబట్టి నీళ్లు మహా అయితే గ్లాసులో ఐదో వంతు దాకా ఎక్కుతాయి, మిగతాదంతా చాలావరకు నైట్రోజన్, అది ఇనుము జోలికి రాదు. నాకైతే ఈ ప్రయోగంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, కంటికి కనపడని ఆక్సిజన్ ఎంత ఖర్చయిందో స్కేలు పెట్టి కొలవొచ్చు.

ఇంకోటి, తుప్పు పడితే ఇనుము బరువు తగ్గుతుంది అనుకుంటారు. రాలిపోతే తగ్గుతుంది నిజమే, కానీ తుప్పుని కూడా కలిపి తూస్తే పెరుగుతుంది, 112 గ్రాముల ఇనుము 48 గ్రాముల ఆక్సిజన్‌తో కలిస్తే 160 గ్రాముల ఐరన్ ఆక్సైడ్ వస్తుంది, అందులో చేరే నీళ్ల బరువు వేరే.

ఓపికుంటే మేకులతో కూడా చేయండి: ఒకటి మామూలు నీళ్లలో, ఒకటి ఉప్పు నీళ్లలో, ఇంకోటి బాగా మరిగించి చల్లార్చిన నీళ్లలో వేసి పైన నూనె పోసి. మరిగిస్తే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పోతుంది, నూనె మళ్లీ తొందరగా చేరనివ్వదు, అందుకే మూడోది నీళ్లలో మునిగే ఉన్నా చాలా రోజులు మెరుస్తూనే ఉంటుంది. మరిగించే పని పెద్దవాళ్లతో చేయించండి.