డయాలసిస్ తప్పదని తెలిశాక మనసును దారిలో పెట్టుకోవడం

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్త పరీక్షలో చూపే క్రియాటినిన్ అన్న మాట బడి మెట్లు ఎక్కనివాళ్లకీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఎవరి అంకె ఎంతకొచ్చిందో చెప్పుకుంటారు. అయినా "ఇక డయాలసిస్ మొదలుపెట్టాలి" అని డాక్టరు అన్న రోజున మనసు ఒప్పుకోదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద. ఒంటికి ఏం చెయ్యాలో ఆస్పత్రివాళ్లు చెబుతారు. మనసుకు చెయ్యాల్సిన పనులు ఇవి.

ముందు మారనిదేదో కచ్చితంగా తెలుసుకోవాలి. డాక్టరును ఈ మాటల్లోనే అడగండి: "నా కిడ్నీలు మళ్లీ కోలుకునే జబ్బా, కోలుకోని జబ్బా? కిడ్నీ మార్పిడికి నేను పనికొస్తానా?" ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీ ఒక్కోసారి తేరుకుంటుంది. ఏళ్ల తరబడి అరిగిపోయినది తేరుకోదు. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి, జవాబు ఇద్దరూ వినాలి. ఒక్కరే వింటే ఇంటికొచ్చేసరికి ఒకే మాట రెండు రకాలవుతుంది. సగం తెలిసిన సంగతిని మనసు వదలదు, రాత్రంతా తిప్పుతూనే ఉంటుంది.

తర్వాత "నాకే ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న. తాగే నీరు, ఎండలో పని, పురుగుమందులు, వంశం... శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. ఉద్దానం జబ్బుకు ఇదొక్కటే కారణమని ఇంతవరకు తేలలేదు. వాళ్లకు దొరకనిది అర్ధరాత్రి మంచం మీద మీకు దొరకదు. ఆ ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఒకటే: ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించడం, ఒళ్లునొప్పుల మాత్రలు డాక్టరు చెప్పకుండా ఎవరూ మింగకుండా చూడడం.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు తిరిగి రానివి, కుడివైపు చేతిలో ఉన్నవి. ఎడమవైపు "నా బతుకైపోయింది" అని రాయకండి. అంత పెద్ద మాటను మోయడం ఎవరి వల్లా కాదు. చిన్నవి, ఉన్నవి ఉన్నట్టు రాయండి: చెట్టెక్కలేను. వారంలో మూడు పూటలు నావి కావు. కొబ్బరి దింపు రోజున బొండాం తాగలేను.

ఈ బొండాం సంగతి చిన్నది కాదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పనిచెయ్యని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. తోట నిండా గెలలు, గుమ్మంలో చెక్కిన బొండాం, అది మాత్రం మీకు కాదు. పలాస జీడిపప్పుదీ అదే కథ. ఈ బాధను "పోనిద్దూ" అని దాటెయ్యకండి. "ఇది పోయింది, నాకు కష్టంగా ఉంది" అని ఇంట్లోవాళ్లకు నోరు తెరిచి చెప్పండి. చెప్పనివాళ్లే ఎవరూ చూడకుండా నాలుగు గుక్కలు తాగేస్తారు.

కుడివైపు పేజీ రోజూ చెయ్యాల్సిన పని. సాధారణంగా ముందురోజు పోసిన మూత్రమంత, దానిపైన అర లీటరు, ఇదే రోజు మొత్తానికి ద్రవం. మీ కొలత డాక్టరు చెబుతారు. పొద్దున్నే ఒక సీసాలో అంత నీరు నింపండి. టీ, మజ్జిగ, చారు, చోడి అంబలి ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసెయ్యండి. ఎండుచేప, ఊరగాయ తగ్గకపోతే దాహం తగ్గదు, ఎంత మనోనిబ్బరమున్నా చాలదు. ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతి మీద పొద్దున, రాత్రి అరచెయ్యి ఆనించి చూడండి. లోపల జుమ్మని కదలాలి. కదలిక ఆగితే తెల్లారేదాకా ఉండకండి, వెంటనే డయాలసిస్ సెంటరుకు వెళ్లండి.

దిగులుకు ఒక వేళ పెట్టండి. సాయంత్రం చీకటి పడకముందు ఇరవై నిమిషాలు, అరుగు మీద. పక్క మీద మాత్రం వద్దు. మిగతా పూట ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అనుకుని చేతిలో పని చెయ్యండి. వేళ అయిపోగానే లేచి కాళ్లు కడుక్కుని మరో పనిలో పడండి. మొదటి వారం కుదరదు, అయినా మానకండి.

ఎక్కడ తప్పుతుందంటే: "ఏటి సేత్తాం, రాసిపెట్టుంది" అని ఒకరు లేచి ఆటో ఎక్కుతారు, మరొకరు అదే మాటని ముసుగు తన్ని పడుకుంటారు. మొదటిది ఒప్పుకోలు, రెండోది వదిలెయ్యడం. ఒంట్లో బాగుందని ఒక్క పూట డయాలసిస్ మానేస్తే నీరు పేరుకుని ఊపిరి ఆడకపోవచ్చు. నాటుమందుతో కిడ్నీ తిరిగొస్తుందన్నవాళ్ల మాట నమ్మకండి. అలాంటి మందుల్లో కొన్నిట్లో సీసం, పాదరసం ఉంటాయి. ఇంకొకటి, రెండు వారాలకే "నాకేం బాధ లేదు" అనేవాళ్ల కోపం కూరలో ఉప్పు చాల్లేదని భార్య మీద పడుతుంది. ఆ కోపం ఉప్పు మీద కాదని ఇద్దరికీ తెలియాలి. ఇంట్లోవాళ్లు "ధైర్యంగా ఉండు" అనడం మాని "ఈరోజు బరువెంత?" అని అడిగితే మేలు, ఒంట్లో నీరెంత చేరిందో బరువే చెబుతుంది.

నిద్ర, ఆశ రెండూ రెండు వారాలు లేకపోయినా, డయాలసిస్ మానేస్తానన్నా, చచ్చిపోతానన్నా ఆలస్యం చెయ్యకూడదు. మనిషిని ఒంటరిగా వదలకండి, సెంటరులో చెప్పండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మూడు నెలలకోసారి ఆ పేజీ మళ్లీ రాయండి. ఎడమవైపున్నవన్నీ శాశ్వతంగా అక్కడే ఉండవు. పెద్ద కిడ్నీ వైద్యమంటే విశాఖ వెళ్లడం తప్పదని ఉద్దానంలో చాలామంది ఏళ్లపాటు అనుకున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బు అదే, దూరం మారింది. అలాగే మార్పిడికి దాత దొరకడం, కూర్చుని చేసే పని కుదరడం లాంటివి కుడివైపుకు రావచ్చు. పాత పేజీ చించెయ్యకండి, తేదీ వేసి ఆస్పత్రి ఫైలులోనే ఉంచండి.