కోరింగలో పక్షులు చూడాలంటే ముందు పోటు టైము చూసుకోండి

కాకినాడ దగ్గరున్న కోరింగ వెళ్లొచ్చినవాళ్లు చాలామంది "మడ అడవి బాగుంది గానీ పక్షులేవీ పెద్దగా కనబడలేదు" అంటారు. పక్షులు లేక కాదు, వెళ్లిన టైము కుదరక. వేరే చోట్లయితే తెల్లారగట్ల వెళ్తే సరిపోతుంది. గోదావరి సముద్రంలో కలిసే ఈ చోట మాత్రం పక్షి గడియారం చూడదు, నీటిని చూస్తుంది. నీళ్లు వెనక్కి తీసి (దీన్నే పాటు అంటారు) బురద బయటపడితే మేతకి దిగుతుంది, పోటు ఎక్కితే ఇసుక మేటల మీదికి లేచిపోతుంది.

అందుకని కాకినాడ పోర్టు టైడ్ టైమింగ్స్ ఫోన్‌లో తీసి చూడండి. రోజుకి దాదాపు రెండు పోట్లు, రెండు పాట్లు, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. నీళ్లు బాగా తీసేసినప్పుడు వెళ్తే పక్షులు ఎక్కడో దూరాన చుక్కల్లా ఉంటాయి, బైనాక్యులర్ ఉన్నా లాభం ఉండదు. పూర్తి పోటుకి ఓ రెండు గంటల ముందే ఒడ్డుకి చేరి కదలకుండా కూర్చుంటే, నీళ్లు ఎక్కుతూ బురద తగ్గేకొద్దీ అవే మీ వైపు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా తీస్తాయి కాబట్టి ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో అంత ఉండదు.

ఇంకో సంగతి, కాకినాడలో కుంభాభిషేకం అనే తీరం వైపు నుంచి చూస్తే సముద్రం తూర్పున ఉంటుంది, పొద్దున్నే వెళ్తే ఎండ నేరుగా కళ్లలో కొట్టి పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. పోటు సాయంత్రం పూట వచ్చే రోజు ఎంచుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షులు ఎక్కువ.

కోరింగ చెక్క వంతెన మీదికైతే దీనికి రివర్స్‌లో, పాటు టైములో వెళ్లండి. అప్పుడే మడచెట్ల ఊపిరి వేర్లు పైకి తేలి, వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న పీతలు, బురద మీద గెంతే చేపలు, వాటి కోసం కాచుకున్న లకుముకి పిట్టలు కనిపిస్తాయి.

పేర్ల గురించి టెన్షన్ పడకండి. బురద మీద తిరిగే పక్షులన్నీ మొదట్లో ఒకేలాంటి బూడిదరంగులో కనిపిస్తాయి, రంగు వదిలేసి ముక్కు చూడండి. కర్లూ ముక్కు కిందికి వంగి చాలా పొడుగ్గా ఉంటుంది, బురదలో లోతుగా గుచ్చి పీతల్ని, పురుగుల్ని లాగుతుంది. ప్లోవర్‌ది పొట్టి ముక్కు, నాలుగడుగులు పరిగెత్తి, టక్కున ఆగి, ఒక్కసారి పొడుస్తుంది. సైబీరియాలో గుడ్లు పెట్టి చలికాలానికి ఇక్కడికి దిగే గ్రేట్ నాట్ గుంపుగా ఉంటుంది, చిన్న చిన్న గుల్లల్ని గుల్లతో సహా మింగేస్తుంది. కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగున్న నారింజ రంగు ముక్కు పక్షి కనబడితే అది ఇండియన్ స్కిమ్మర్, మీ పంట పండినట్టే. గ్రేట్ నాట్, స్కిమ్మర్ రెండూ ప్రపంచవ్యాప్తంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవే.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు అంటే, పక్షే చెప్తుంది. ముందు ఒకటి మేత ఆపి తలెత్తుతుంది, తర్వాత పక్కవి కూడా ఎత్తుతాయి, అన్నీ కలిసి అటువైపు నడవడం మొదలుపెడతాయి. మొదటి తల లేచినప్పుడే మీరు ఆగిపోవాలి. పోటు నిండినప్పుడు హోప్ ఐలాండ్ లాంటి ఇసుక తిన్నెల మీద ఒంటికాలిపై నిలబడి ఉండేవి ఊరికే లేవు, తర్వాతి పాటు దాకా ఒళ్లు కాపాడుకుంటున్నాయి. ఎగిరే ఫోటో కోసం పడవ వాళ్లని గుంపులోకి పోనివ్వమని అడగడం నాకు అస్సలు నచ్చని పని, దయచేసి చేయకండి. అక్కడ జనవరి నుంచి తాబేళ్లు కూడా గుడ్లు పెడతాయి. 1978 నుంచి కోరింగ అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేనిదే డ్రోన్ ఎగరేయకూడదు.

చూసినవాటిని అంకెలతో సహా ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి, పక్కనే పోటు టైము కూడా రాయండి. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, కొత్తవాళ్లు కూడా చేరొచ్చు. ఒక్కసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి లెక్కపెడితే గుంపులో ఏది ఏదో గుర్తుపట్టడం చాలా తేలికవుతుంది.