మాన్యుయెల్ ఆంటోనియోలో ఒక రోజు: ముందు అడవి, ఆ తర్వాతే సముద్రం

కోస్టారికా పసిఫిక్ తీరంలో ఉన్న మాన్యుయెల్ ఆంటోనియో నేషనల్ పార్క్‌లో అడవి సరిగ్గా ఇసుక అంచుదాకా వచ్చి ఆగుతుంది. ఒకే పూటలో స్లోత్‌నీ (కొమ్మలకి వేలాడుతూ చాలా నెమ్మదిగా కదిలే జంతువు) చూడొచ్చు, సముద్రంలో ఈతా కొట్టొచ్చు. చాలామంది ఎండ ఎక్కాక వచ్చి, నేరుగా బీచ్‌కి పోయి, జంతువులేవీ కనబడలేదని విసుక్కుంటూ వెళ్లిపోతారు. తప్పు పార్కుది కాదు, వాళ్లు ఎంచుకున్న వరుసది.

1. టికెట్. ముందుగానే ఆన్‌లైన్‌లో కొనాలి. మంగళవారం పార్కుకి సెలవు. ఉదయం 7 గంటల స్లాట్ తప్ప ఇంకేదీ తీసుకోకండి. ముందు రోజు రాత్రి దగ్గర్లోని కేపోస్ ఊళ్లో ఉండిపోండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు వానలు తక్కువ.

2. సామాను. బైనాక్యులర్స్, నీళ్ల సీసా, ఈత బట్టలు, జిప్ గట్టిగా పడే బ్యాగ్. బయటి తిండిని లోపలికి రానివ్వరు, గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు.

3. గైడ్. టెలిస్కోప్ ఉన్న గైడ్‌ని పెట్టుకోవాల్సిందే. స్లోత్ కొమ్మల్లో చుట్టుకుని పడుకుంటే ఎండుటాకుల ముద్దలా ఉంటుంది, దాని బొచ్చులో నాచు కూడా పెరుగుతుంది. అలవాటు లేని కంటికి అది దొరకదు. "డబ్బు దండగ, మనమే వెతుక్కుందాం" అనుకునేవాళ్లు గైడ్ ఉన్న గుంపుల వెనకాలే తచ్చాడుతూ కనిపిస్తారు. ఇక్కడి చిన్న స్క్విరల్ మంకీలు కోస్టారికాలో, పక్కనున్న పనామాలో తప్ప ఎక్కడా ఉండవు. అవి గుంపుగా కొమ్మలు దాటిపోయేది క్షణాల్లో, ఎటు చూడాలో చెప్పే మనిషి పక్కనుండాలి.

4. బీచ్‌లో బ్యాగ్. అందరూ పాడుచేసేది ఇక్కడే, నిదానంగా చదవండి. అడవి నుంచి ఇసుక మీదికి రాగానే బ్యాగ్‌ని కొమ్మకి తగిలించి నీళ్లలోకి పరిగెడతారు. తెల్లమొహం కాపుచిన్ కోతులు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. అవి జిప్ తీయగలవు. కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండే చిన్న జంతువులు, రకూన్లు, కింద నుంచి వస్తాయి. అందుకే బ్యాగ్ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు: ఒకరు ఈదుతుంటే ఇంకొకరు కాపలా. ఒంటరిగా వెళ్తే ఫోన్, పాస్‌పోర్ట్ నీళ్లు చొరబడని చిన్న సంచీలో మెడలో వేసుకుని ఈదండి.

కోతి దగ్గరికొస్తే ఫోటో కోసం కూర్చోకండి. పళ్లు కనబడేలా నవ్వుతూ దాని కళ్లలోకి చూస్తే బెదిరిస్తున్నారనుకుంటుంది. లేచి నిలబడి, బ్యాగ్ గుండెలకి హత్తుకుని, నెమ్మదిగా వెనక్కి జరగండి. అప్పటికే ఏదైనా లాక్కుని ఉంటే గుంజుకోవద్దు. కరిస్తే రేబిస్ భయం ఉంటుంది, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

లోపలి కెఫేలో కొన్నది కూడా ఒక్క ముక్క పెట్టకండి. మన తిండితో వాటి పళ్లు, పొట్ట పాడవుతాయి, మన జబ్బులు అంటుకుంటాయి. ఒకసారి రుచి మరిగిన కోతి తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటుంది. "పాపం, ఆకలితో ఉంది" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పండ్లు, పురుగులు నిండిన అడవి దాని వెనకే ఉంది.

5. ఈత. మాన్యుయెల్ ఆంటోనియో బీచ్‌లోనే దిగండి, అక్కడ అలలు నెమ్మది. ఎస్పాడీయా సూర్ బీచ్ నడవడానికి బాగుంటుంది, ఈతకి వద్దు. ఈ రెంటి మధ్యనున్న పుంటా కాటెడ్రల్ ఒకప్పుడు దీవి, ఇసుక మేట వేసి తీరంతో కలిపేసింది. ఓపిక ఉంటే దాని చుట్టూ నడవండి. ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలి.

నీడ కోసం చెట్టు కిందికి చేరేముందు హెచ్చరిక బోర్డు ఉందేమో చూడండి. మాన్సనీయో చెట్టు పాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, వానలో దాని కింద నిలబడినా చాలు. చిన్న ఆపిల్‌లా ఉండే దాని కాయ కొరికితే ప్రాణం మీదికొస్తుంది.

పార్కు సాయంత్రం 4కి మూస్తారు. గేటు దాకా తిరిగి నడవాలి కాబట్టి 3కే సామాను సర్దుకోండి.