డీజిల్ కారులో డీపీఎఫ్ లైటు: ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి

మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి పోను గంట, రాను గంట, అదీ ఫస్టు, సెకండు గేర్ల మీదే. బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్ బండిని ఇలా నడిపేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు మీటర్ బోర్డు మీద పసుపు లైటు కనిపిస్తుంది. చిన్న డబ్బా, అందులో చుక్కలు. అదే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్. లోపల తేనెపట్టులాంటి సిరామిక్ గదులుంటాయి. పొగ వాటి గోడల్లోంచి దూరి బయటికొస్తుంది, మసి గోడకే అంటుకుపోతుంది.

హైవే మీద సైలెన్సర్ వేడికి చాలావరకు ఆ మసి దానంతటదే కాలిపోతుంది. సిటీలో అంత వేడి పుట్టదు. అందుకని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అప్పుడప్పుడు కాస్త ఎక్కువ డీజిల్ కొట్టి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. పది, ఇరవై నిమిషాల పని. ఆలోగా మనం ఆఫీసు చేరి తాళం తీసేస్తే అది సగంలో ఆగిపోతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే లైటు వెలుగుతుంది.

పసుపు లైటు ఒక్కటే, పికప్ మామూలుగా ఉంది

ఇది రిపేరు కాదు, బండి మనల్ని ఒక పరుగు అడుగుతోంది. టాంకులో పావు వంతుకు మించి డీజిల్ ఉందో లేదో చూసుకోండి, తక్కువుంటే చాలా బళ్లలో రీజనరేషన్ మొదలే కాదు. ఇంజిన్ వేడెక్కాక గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లిరండి. 60 నుంచి 80 స్పీడులో, ఒక గేరు తక్కువలో, ఆర్పీఎం 2000 పైన ఉండేలా ఇరవై నిమిషాలు ఆపకుండా నడపాలి. మీ బండి పుస్తకంలో వేరే స్పీడు రాసుంటే అదే పాటించండి. లైటు దానంతటదే ఆరిపోతుంది.

ఆపేశాక కూడా ఫ్యాన్ హోరు, కాలిన వాసన

నిలబడ్డప్పుడు ఆర్పీఎం మామూలుకన్నా కాస్త ఎక్కువ, మైలేజీ హఠాత్తుగా తక్కువ, వీటికి తోడు ఈ హోరు ఉంటే రీజనరేషన్ సగంలో ఉన్నట్టే. వీలైతే ఇంకో పది నిమిషాలు తిరిగి రండి. ఊళ్లలో ఒక్క జాగ్రత్త: కోతల రోజుల్లో రోడ్డంతా వరిగడ్డి పరిచి ఉంటుంది, దాని మీద మాత్రం ఆపొద్దు. కింద సైలెన్సర్ మండిపోతూ ఉంటుంది.

డీపీఎఫ్ లైటుతో పాటు ఇంజిన్ లైటు, పికప్ పోయింది

ఇప్పుడు ఔటర్ ఎక్కి లాభం లేదు. మసి హద్దు దాటితే కంప్యూటరే రీజనరేషన్ ఆపేస్తుంది, బండిని లింప్ మోడ్‌లో, అంటే ఇంజిన్ బలం తగ్గించి నెమ్మదిగా మాత్రమే నడిచేలా, పెడుతుంది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి వర్క్‌షాపులో చేయించాల్సిందే. అయితే ఊరికే చేయించుకుని రావొద్దు. స్కానర్‌లో మసి ఎంత చూపిస్తోంది, ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ తేడా ఎంత, కిందటి రీజనరేషన్ అయ్యి ఎన్ని కిలోమీటర్లయింది, ఈ మూడూ అడిగి రాసుకోండి.

ఎందుకంటే నాకు ఒకచోట ఫిల్టరే మార్చాలన్నారు, లక్ష దాటుతుందన్నారు. మనసొప్పక ఇంకో మెకానిక్‌కు చూపించాను. ఆయన టార్చి పట్టుకుని ప్రెషర్ సెన్సర్‌కు వెళ్లే రెండు రబ్బరు పైపులనూ వేలితో తడుముతూ వచ్చాడు. ముందువైపు పైపు, క్లిప్పు కింద, వెంట్రుకంత చీలిక. వంచితే తప్ప నోరు తెరవదు. అక్కడ ప్రెషర్ కారిపోయి సెన్సర్ తప్పు లెక్క చెబుతోంది, కంప్యూటర్ దాన్ని నమ్మక రీజనరేషన్ మానేసింది. కొన్ని వందల రూపాయల పైపు వేసి, ఒకసారి స్కానర్‌తో కాల్పించాం. అంతే. ఫిల్టర్ మార్చమంటే ముందు ఆ పైపులు చూపించమనండి.

హైవే మీద తిరిగినా లైటు మళ్లీ మళ్లీ వస్తోంది

మసి ఎక్కడో ఎక్కువగా పుడుతోంది. లీకయ్యే ఇంజెక్టర్, ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), ఆయిల్ తాగే టర్బో, వీటిని వరసగా చూడాలి. బండి లక్ష కిలోమీటర్లు బాగా దాటితే బూడిద కూడా కారణం కావచ్చు. మసి కాలుతుంది గానీ ఇంజిన్ ఆయిల్ వదిలే బూడిద కాలదు. ఫిల్టర్ విప్పి, తగిన మిషన్ ఉన్నచోట క్లీన్ చేయించాలి. కార్లు కడిగే ప్రెషర్ పంపు పెడితే సిరామిక్ దెబ్బతింటుంది. ఆయిల్ కూడా మీ బండికి చెప్పిన గ్రేడే పోయించండి, డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగింది

సంతోషించొద్దు. సగంలో ఆగిన రీజనరేషన్ల డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలిసింది. వాసన చూస్తే తెలిసిపోతుంది. గీత దాటితే కిలోమీటర్లు చూడకుండా ఆయిల్ మార్చేయండి.

డీఈఎఫ్ లైటు వేరు. అది పొగను శుభ్రం చేసే యూరియా నీళ్లు అయిపోవస్తున్నాయని. నీలం మూత తీసి పోయాలి, పొరపాటున కూడా డీజిల్ టాంకులో పోయొద్దు.

"ఫిల్టర్ తీసేసి కంప్యూటర్‌లో మార్చేస్తాం, ఇక గొడవుండదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. అది చట్టవిరుద్ధం. బీఎస్4లో డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చు, బీఎస్6లో 4.5 మాత్రమే. ఫిల్టర్ పీకేస్తే ఆ మసంతా సిగ్నల్ దగ్గర మన వెనకే స్కూటీ ముందు నిలబడ్డ పిల్ల ముఖానికి కొడుతుంది.