చేపల మీద టెస్ట్ చేయకుండానే రసాయనం విషాన్ని అంచనా వేయడం ఎలా?

ఒక రసాయనం నీళ్లలో కలిస్తే ఎంత మోతాదుకు చేపలు చస్తాయి? ఇది తేల్చడానికి ల్యాబుల్లో ఓఈసీడీ 203 అనే టెస్ట్ ఉంది (ఓఈసీడీ అంటే ఇలాంటి టెస్టుల పద్ధతులు ఖరారు చేసే దేశాల కూటమి). 96 గంటలు చేపల్ని ఆ నీళ్లలో ఉంచి, సగం చనిపోయే మోతాదు ఎంతో చూస్తారు. ఆ అంకెనే ఎల్‌సి50 అంటారు. అది ఎంత చిన్నదైతే విషం అంత ఎక్కువ. ఐదు మోతాదులు, ఒక్కోదానికి కనీసం 7 చేపలు, ఏమీ కలపని తొట్టిలో ఇంకో 7. అంటే ఒక్క టెస్టుకు 42 చేపలు.

ప్రతి రసాయనానికీ ఇలా చేస్తూ కూర్చోలేం. అందుకని దాని చుట్టాల మీద, అంటే దాన్ని పోలిన రసాయనాల మీద, ఇదివరకే చేసిన టెస్టుల నుంచి అంకె అరువు తెచ్చుకుంటాం. ఈ పద్ధతి పేరు రీడ్ అక్రాస్. రసాయనాల మీద యూరప్‌లో ఉన్న రీచ్ చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, కాకపోతే ఎందుకు అరువు తెచ్చామో కారణం చూపించాలి. అక్కడికి సరుకు పంపే మన హైదరాబాద్, విశాఖ కంపెనీల్లో ఈ ఫైళ్లు చూసేవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే.

ఉదాహరణకు 1-హెప్టనాల్ తీసుకుందాం. ఏడు కార్బన్ల ఆల్కహాల్. దీని మీద చేపల టెస్ట్ ఎవరూ చేయలేదనుకుందాం. నిజానికి చేశారు. ఆ అంకెను చివర్లో సరిచూసుకోవడానికి పక్కన పెడదాం.

1. పదార్థం ఏదో తేల్చుకోండి

పేరుతో కాదు, క్యాస్ నంబర్‌తో మొదలుపెట్టండి. ఒక్కో రసాయనానికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబర్ అది. ఉత్త హెప్టనాల్ అని వెతికితే ఆల్కహాల్‌కు గుర్తైన ఓహెచ్ ముక్క కార్బన్ గొలుసు చివర ఉన్నదీ వస్తుంది, మధ్యలో ఉన్నదీ వస్తుంది. మనకు కావలసింది 111-70-6. తర్వాత నీళ్లలో ఎంత కరుగుతుందో, లాగ్‌పి ఎంతో రాసుకోండి. నీళ్లూ నూనె లాంటి ద్రవమూ రెండూ ఉంటే పదార్థం ఎటు మొగ్గుతుందో చెప్పేదే లాగ్‌పి. నూనె వైపు ఎంత మొగ్గితే చేప ఒంట్లోకి అంత తేలిగ్గా చేరుతుంది.

2. చుట్టాలను వెతకండి

ఓఈసీడీ వాళ్ల క్యూసార్ టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల ఎకోటాక్స్ డేటాబేస్ రెండూ ఉచితమే. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప మీద 96 గంటల టెస్టుల్లో ఆరు కార్బన్ల హెక్సనాల్‌కు లీటరుకు 97.7 మి.గ్రా., ఎనిమిది కార్బన్ల ఆక్టనాల్‌కు 13.5 మి.గ్రా. వచ్చాయి. మన పదార్థం ఈ రెండింటికీ నడుమ ఉంది, అది అదృష్టం. ఒకదానికి బంగారుతీగ అంకె, ఇంకోదానికి డాఫ్నియా (నీళ్లలో ఉండే చిన్న పురుగు లాంటి జీవి) అంకె తెచ్చి కలపకండి. చేప ఒకటే అయి ఉండాలి, గంటలూ ఒకటే అయి ఉండాలి.

3. పోలిక బొమ్మలో చూడకండి, పనిలో చూడండి

నన్నడిగితే అసలు పనంతా ఇక్కడే ఉంది. ప్రొపనాల్, అల్లైల్ ఆల్కహాల్ రెండూ మూడేసి కార్బన్లవే. కాగితం మీద గీస్తే తేడా ఒక్క డబుల్ బాండ్. లాగ్‌పి కూడా దగ్గరదగ్గరే. కానీ అదే మిన్నో మీద ప్రొపనాల్ ఎల్‌సి50 సుమారు 4,500 మి.గ్రా. అయితే, అల్లైల్ ఆల్కహాల్‌ది సుమారు 0.32. పద్నాలుగు వేల రెట్లు!

ప్రొపనాల్ చేసేదల్లా కణాల పొరల్లో చేరి చేపకు మత్తెక్కించడమే. అల్లైల్ ఆల్కహాల్‌ను మాత్రం చేప ఒంట్లోని ఎంజైమ్ అక్రోలిన్‌గా మార్చేస్తుంది. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించే పొగలో ఉండేది ఈ అక్రోలినే. అది ప్రోటీన్లను పట్టుకుని వదలదు. కాబట్టి పదార్థం ఎలా ఉందో చూస్తే చాలదు, ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుందో కూడా చూడాలి. టూల్‌బాక్స్‌లో ప్రోటీన్ బైండింగ్ హెచ్చరికలూ, జీవక్రియలో పుట్టే పదార్థాలూ చూపించే భాగాలున్నాయి. రెండూ నడపండి. హెక్సనాల్, హెప్టనాల్, ఆక్టనాల్ మూడూ మత్తు బాపతే కాబట్టి మనం ముందుకెళ్లొచ్చు.

4. అరువు అంకెను అనుమానించండి

మొదట్లో నేనొకసారి ఒక రిపోర్టులోని ఎల్‌సి50ని అలాగే ఎత్తి రాసేశాను. తీరా చూస్తే ఆ పదార్థం నీళ్లలో అంత కరగనే కరగదు! తొట్టిలో వేసింది సగం పైనే తేలి ఉంటుంది. అప్పటి నుంచి మొదట చూసేది ఒకటే: నీళ్లలో మోతాదును కొలిచారా, లేక వేసిన లెక్కే రాశారా?

5. ఇప్పుడు లెక్క

మామూలు సగటు తీయకండి, 55 దాటుతుంది. ఈ వరుసలో ఒక్కో కార్బన్ చేరే కొద్దీ ఎల్‌సి50 తగ్గేది రెట్లలో, సుమారు మూడు రెట్ల చొప్పున. అందుకే మి.గ్రా.లను అణుభారంతో భాగించి మిల్లీమోల్స్ చేయండి, అంటే బరువుకు బదులు అణువుల లెక్కలోకి మార్చండి: 0.956, 0.104. రెండూ గుణించి వర్గమూలం తీస్తే 0.315. దాన్ని హెప్టనాల్ అణుభారం 116.2తో గుణిస్తే లీటరుకు 36.6 మి.గ్రా.

పక్కన పెట్టిన ల్యాబ్ అంకె 34.5.

రసాయనాల ప్రమాదాన్ని తరగతులుగా విడదీసే ఐక్యరాజ్యసమితి జీహెచ్ఎస్ వర్గాల్లో ఇది 10కి పైన, 100 లోపు, అంటే అక్యూట్ 3. మీకు 11 వచ్చి ఉంటే మాత్రం, 10 గీతకు అంత దగ్గరగా ఉంది కాబట్టి, ఇంత ధీమాగా రాయలేరు, ఇంకో ఇద్దరు చుట్టాలను వెతుక్కోవాలి. ఇదే వరుసను పద్నాలుగు, పదహారు కార్బన్ల దాకా సాగదీయకండి. అంత పొడుగు గొలుసులు చేపను చంపేంతగా నీళ్లలో కరగవు. డాఫ్నియాకూ నాచుకూ మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టాల్సిందే, ఈ 36.6 వాటికి పనికిరాదు.